తువ్వాలు కింద ధర

గజపతినగరం మెయిన్ రోడ్డులో, రాయగడ వైపు పోయే లారీలు బ్రేకు మీద కాలు వేసే చోట కాశీవిశ్వనాథం గారి కొట్టు ఉంది. చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు. కొండల మీంచి దిగిన సరుకును టోకున కొని, కింద ఊళ్ళలోని వర్తకులకు టోకున అమ్మడం ఆ కొట్టు ధర్మం. ఆయన తండ్రిగారి నాటి నుంచీ ఆ ధర్మానికి లోటు రాలేదు. మనిషి పొట్టి, మాట మెత్తన, భుజం మీద తువ్వాలు. ఆ తువ్వాలు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు ఆయన పెళ్ళి ఫొటోలో ఒక్కచోట చూశారంటారు, అదీ ఫొటోగ్రాఫర్ బలవంతం వల్ల.

ఆయన జీవితంలో రెండు తాళాలున్నాయి. మొదటిది ఇనప్పెట్టెది. దాని చెవి ఆయన మొలతాడుకు వేలాడుతుంది. స్నానానికి వెళ్ళినా, శుభకార్యానికి వెళ్ళినా అది ఆయనతోనే వెళుతుంది. భార్య భాగ్యవతి గారు కాపురానికి వచ్చినప్పటి నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నారు గాని ముట్టుకుని ఎరగరు. "నా సెయ్యి పట్టుకుని తెచ్చుకున్నారు గాని, ఆ సెవి మాత్రం పట్టుకోనివ్వనేదు" అని ఆవిడ చుట్టాలతో అంటూ ఉంటారు. అందులో ఫిర్యాదు తక్కువ, గర్వం ఎక్కువ.

రెండో తాళం కొట్లోని కంప్యూటర్‌ది. దాని చెవిని ఆయన ఊరంతటికీ పంచిపెట్టారు.

ఈ రెండో తాళం సంగతి చెప్పే ముందు తువ్వాలు సంగతి చెప్పాలి. పూర్వం సంతలో బేరాలు నోటితో జరిగేవి కావు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి, మధ్యన తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకునేవారు. ఏ వేలు నొక్కితే ఎంతో, ఎన్ని వేళ్ళు ముడిస్తే ఎంతో ఇద్దరికీ తెలుసు. చుట్టూ సంతంతా నిలబడి చూసినా పెదవి కదలదు, కనుబొమ ఎగరదు. ఆ ధర ఆ రెండు చేతులదే. కాశీవిశ్వనాథం గారి తండ్రి ఈ విద్యలో ఆరితేరినవారు. ఆయన వేళ్ళలో మొహమాటం కూడా పలికేదని పాతవాళ్ళు చెబుతారు.

కొడుకు కాలానికి ఫోన్లొచ్చాయి, తువ్వాలు భుజానికి పరిమితమైపోయింది. కాని ఆ విద్య పోలేదు, ఒక్క మాటలోకి వచ్చి చేరింది. "నీకొక్కడికే బావా. ఇంకెవులికీ ఈ రేటు నేదు." సాలూరు వర్తకుడికీ, బొబ్బిలి వర్తకుడికీ, పార్వతీపురం వర్తకుడికీ ఆయన చెప్పే మాట అదే. రేట్లు మాత్రం వేరు. అందులో మోసం ఏమీ లేదు. ఒకడు చీపుళ్ళను వానల్లో కూడా వద్దనకుండా ఎత్తుతాడు. ఒకడు తండ్రిగారి స్నేహితుడి కొడుకు. ఒకడు ప్రతిసారీ వంకలు పెడతాడు కాబట్టి వంకల ఖర్చు ముందే కలపాలి. కొట్టు నిలబడింది చింతపండు మీద కాదు, "నీకొక్కడికే" అన్న మాట మీద.

ఇక కంప్యూటర్. దాన్ని తెచ్చిన కొత్తలో సాఫ్ట్‌వేర్ అబ్బాయి భాస్కర్ విజయనగరం నుంచి వచ్చి, "ఎంతమంది వాడతారండీ? ఒక్కొక్కరికీ ఒక్కో పేరూ, పాస్‌వర్డూ పెడతాను" అన్నాడు.

"ఎందుకు బాబూ? అందరూ మనోళ్ళే. నా పేరొక్కటి పెట్టు, సాల్తాది" అన్నారు కాశీవిశ్వనాథం గారు.

పాస్‌వర్డు కూతురి ముద్దుపేరు, చివర నూట ఎనిమిది. అప్పట్లో పింకీ హైస్కూల్లో ఉండేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. దాన్ని కంప్యూటర్ పక్కన గోడ మీద ఎవరో చాక్‌పీసుతో రాశారు. సున్నం వేయించినప్పుడు అది చెరిగిపోతే మళ్ళీ రాశారు. ఇదే సాఫ్ట్‌వేర్ ఫోన్లలోకీ వచ్చాక గోదాములోంచి హమాలీలు, తూకం దగ్గర్నుంచి గుమస్తా, దారిలోంచి లారీ వాళ్ళు కేకలేసేవారు. "పాస్‌వర్డేటి బాబూ?" అని ఒకరంటే, "పింకీ! పింకీ నూటెనిమిది!" అని బజారు మీద నలుగురు జవాబు చెప్పేవారు. కాలేజీలో డిగ్రీ చదివే వయసుకొచ్చిన పింకీ ఒకనాడు కొట్టు ముందు స్కూటీ దిగబోతూ ఆ కేక విని, దిగకుండానే ఇంటికి తిరిగి వెళ్ళిపోయింది.

"నాన్నా, నా పేరైనా మార్చు, ఆ పాస్‌వర్డైనా మార్చు" అంది ఆ పిల్ల.

"పేరు మార్సడం ఈజీయే తల్లీ. పాస్‌వర్డు మారిస్తే ఇంతమందికీ మళ్ళీ ఎవులు సెప్తారు?" అన్నారాయన.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి ఈశ్వరి. పక్క ఊరి రైతు బిడ్డ. డిగ్రీ అయిన కొత్తలో, ఇంకేదైనా దొరికేవరకూ అని చేరి, ఇంకేదీ వెతుక్కోకుండా ఉండిపోయింది. బిల్లులు కొట్టడం, నిల్వలు సరిచూడటం, ఏ వర్తకుడికి ఏ రేటో ఎక్కించడం ఆమె పనులు. పొద్దున్న కుర్చీలో కూర్చుని కాశీవిశ్వనాథం గారి పేరుతో లోపలికి వెళ్ళేది, సాయంత్రం ఆ పేరుతోనే బయటికి వచ్చేది. ఆమె ఒక్కర్తే కాదు. లారీల లోడింగు చూసుకునే గిరిబాబు, అంటే భాగ్యవతి గారి తమ్ముడు, తన ఫోన్లోంచి అదే పేరుతో వెళ్ళేవాడు. గుమస్తా వెళ్ళేవాడు. గోదాము మేస్త్రీ వెళ్ళేవాడు. అక్కడ అందరూ కాశీవిశ్వనాథాలే.

మాఘమాసంలో ఒక ఆదివారం అసలు కాశీవిశ్వనాథం గారు సకుటుంబంగా అరసవల్లి వెళ్ళారు. ఫోన్లు కౌంటర్లో ఇచ్చేసి క్యూలో నిలబడ్డారు. దర్శనం బాగా జరిగింది. బయటికొచ్చి ఫోను చేతిలోకి తీసుకోగానే అది ఆగకుండా మోగడం మొదలుపెట్టింది.

మొదటి ఫోను సాలూరు మురళీమోహన్‌ది. ఇరవయ్యేళ్ళ బేరం. "బావా, నాకొక్కడికే అన్నావు కదా? మరి బొబ్బిలోడికి అంతకన్నా తక్కువెందుకు పడ్డాది? ఆడు నీకు సుట్టవా, నేను పగోణ్ణా?"

కాశీవిశ్వనాథం గారికి ఏమీ అర్థం కాలేదు. రెండో ఫోనులో కొంత అర్థమైంది. మూడో ఫోనుకు అంతా అర్థమైపోయింది. కొట్లోని కంప్యూటర్లో ఉన్న రేట్ల జాబితా, ఏ వర్తకుడికి ఏ సరుకు ఎంతకో ఊరూ పేరూ సహా, కొట్టు నంబరు మీంచి వర్తకులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పడి ఉంది. రెండు తరాల పాటు తువ్వాలు కింద ఉన్న వేళ్ళన్నీ ఒక్కసారిగా బయటపడిపోయాయి.

మర్నాడు కొట్లో పంచాయితీ. హమాలీలు బస్తాలు దించి నిలబడ్డారు. గుమస్తా తక్కెడ పక్కన నిలబడ్డాడు. గిరిబాబు మధ్యలో నిలబడ్డాడు.

"ఆ కుర్సీలో పొద్దల్లా కూసునీది ఎవులు బావా?" అన్నాడు గిరిబాబు. "మొన్న ఇజీనారంలో మనకి పోటీ ధనరాజు కొట్టోళ్ళు పనికి రమ్మని కబురెట్టింది ఎవులికి? నేను పేరు సెప్పను. నువ్వే ఆలోసించుకో."

పేరు చెప్పనని అతను చెప్పిన తీరులో, మూలనున్న చీపుళ్ళ కట్టలకు కూడా ఆ పేరు అర్థమైపోయింది.

అప్పుడు కాశీవిశ్వనాథం గారు ఒక్క మాట అని ఉండాల్సింది. అనలేదు. ఈశ్వరి వైపు చూశారు. అంతే. ఆ చూపు ఎంతసేపో ఉండదు గాని, ఇలాంటి చూపులకు నిడివితో పని లేదు.

ఈశ్వరి లేచి నిలబడింది. "షావుకారు గారండీ, ఒక్క మాట సెప్పండి. ఇన్నేళ్ళూ నేను కొట్టిన బిల్లులన్నీ ఎవరి పేరు మీదున్నాయండి?"

"నా పేరు మీదే కదమ్మా."

"నిల్వలు పైసా తేడా లేకుండా సరిపోయినన్నాళ్ళూ మీ పేరే. తప్పొచ్చేసరికి ఈశ్వరి పేరు గుర్తొచ్చిందేటండీ? ధనరాజు గారి కొట్టోళ్ళు రమ్మన్నది నిజమే. నేను ఎల్లననీ మీకు సెప్పేను. ఇప్పుడు నేను పంపలేదని సూపించుకుందామంటే, ఆ కంప్యూటర్లో ఈశ్వరనే మనిషే నేదు. నేను చేసిన మంచికీ సాక్ష్యం నేదు, చెయ్యని సెడ్డకీ సాక్ష్యం నేదు."

ఆమె టిఫిను కేరేజీ తీసుకుని, కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి మరీ వెళ్ళిపోయింది. అలా గుడ్డ కప్పి వెళ్ళడమే అందరికీ ఎక్కువ తగిలింది.

భాస్కర్‌ను పిలిపించారు. అతను కంప్యూటర్ లోతుల్లోకి దిగి చాలాసేపు ఉండి, చివరికి నీళ్ళు నమిలాడు.

"పంపిందెవరో తెలిసిందండి."

"ఎవులు?"

"మీరేనండి."

"నేను అరసవల్లిలో క్యూలో ఉన్నాను కదా బాబూ!"

"ఉన్నారండి. అదే సమయంలో మీరు ఇక్కడ బిల్లు కూడా కొట్టారు. ఆ నిమిషంలోనే గోదాములో నిల్వ చూశారు. ఆ తరవాత జాబితా పంపారు. అన్నిచోట్లా మీ పేరే ఉంది. ఏ ఫోన్లోంచో ఇది చెప్పదండి. వాట్సాప్‌కి కూడా, ఎవరు నొక్కినా సాఫ్ట్‌వేర్ కొట్టు నంబరు మీంచే పంపుతుంది. పేరు ఒకటే చెబుతుంది."

సర్వవ్యాపకత్వం కాశీలో ఉండే ఆ విశ్వనాథుడికి తగిన లక్షణం. గజపతినగరంలో చింతపండు అమ్ముకునే ఆయనకు అది అచ్చిరాలేదు. ఇంట్లో ఆయన ఆ పూట అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నారు, తినలేదు. కొట్టు పోతుందన్న భయం కాదది. వర్తకులు అలుగుతారు, మళ్ళీ వస్తారు, ఆ సంగతి ఆయనకు తెలుసు. తన కొట్లో కూర్చుని పనిచేసిన పిల్ల మీద పడిన మాటను తీయడానికి తన దగ్గర ఏమీ లేదు. ఈశ్వరి పంపలేదని ఆయన మనసుకు తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు, హమాలీలకు తెలియదు, రేపు ఆమెకు పని ఇవ్వబోయే వాళ్ళకు తెలియదు.

"అయితే మన గిరి మాట నమ్మేరా?" అన్నారు భాగ్యవతి గారు, మజ్జిగ వడ్డిస్తూ.

"నమ్మనేదు. కాదననూ నేదు."

"మా మావగారు సంతలో తువ్వాలు ఊరందరి మీదా కప్పీవోరేటి?"

"అదేం మాట?"

"ఒక తువ్వాలు కింద రెండు సేతులే ఉంటాయి. అంచేత ఏది ఎవులి ఏలో తెలుస్తాది. మీరు ఊరందరి సేతులూ ఒక్క తువ్వాలు కింద దూర్పించీసి, ఇప్పుడు ఎవులు నొక్కేరో అంటే ఎలగ తెలుస్తాది?"

కాశీవిశ్వనాథం గారు చేతిలో ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేశారు. భాస్కర్ కొత్తలో చెప్పబోయిందీ, తను వినిపించుకోనిదీ ఈ మాటే. మొలతాడున వేలాడే చెవిని ఆయన అపనమ్మకం అనుకోలేదు ఎన్నడూ. భార్యను నమ్మకనా దాన్ని ఆవిడకు ఇవ్వనిది? ఇనప్పెట్టె తెరిచింది ఎవరని ఎవరూ అడగక్కర్లేకుండా ఉండటానికి. ఆ చెవి కట్టుకున్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరి మీదా మాట పడలేదు. అది మిగతావాళ్ళ నుంచి పెట్టెను కాపాడినదాని కన్నా, పెట్టె నుంచి మిగతావాళ్ళను కాపాడిందే ఎక్కువ.

మర్నాడు ఆటో ఎక్కి ఈశ్వరి వాళ్ళ ఊరు వెళ్ళి, ఆమె ఇంటి తలుపు కొట్టారు.

"ఎవరండీ?" లోపలి నుంచి ఈశ్వరి గొంతు.

"నేనే."

"నేనే అంటే?"

ఆ గొంతు ఆమె గుర్తుపట్టకపోవడం అసంభవం. కాశీవిశ్వనాథం గారు తువ్వాలు సర్దుకున్నారు. "కాశీవిశ్వనాథాన్నమ్మా."

తలుపు తెరుచుకుంది. వీధరుగు మీద చాప వేసింది, మంచినీళ్ళిచ్చింది, దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"మొన్న నేను నోరిప్పాల్సింది. ఇప్పనేదు. తప్పయిపోనాది" అన్నారాయన.

"మాట పడింది కొట్లో అండి. నలుగురి ముందరా. ఇక్కడ మా అరుగు మీద మీరొచ్చి తీసేస్తే అది పోతాదేటి?"

"కొట్లోనే సెప్తాను. కాని ఏటని సెప్పీది? ఎవులు చేసేరో తెలిస్తే ఆ పేరు సెప్పీవోణ్ణి."

"మీకు తెలిసిన పేరొకటి ఉన్నాది కదండీ."

ఆయన తల ఎత్తి చూశారు. ఈశ్వరి నవ్వడం లేదు.

"ఇంకో మాటండి. నేను మళ్ళీ ఆ కుర్సీలో కూసుంటే నా పేరు మీదే కూసుంటాను. నా పని నా మీద పడాల. ఒప్పయినా సరే, తప్పయినా సరే."

ఆ సాయంత్రం కొట్లో అందరినీ నిలబెట్టి, వర్తకుల గ్రూపులో కాశీవిశ్వనాథం గారు స్వయంగా తన గొంతు రికార్డు చేసి పంపారు. "అయ్యా, రేట్లు గ్రూపులో పెట్టినోడు కాశీవిశ్వనాథం. కంప్యూటర్లో అలాగే రాసుంది. ఆ పేరు నేనే పదిమందికి పంచీసినాను. అంచేత ఆ పేరుతో జరిగిందంతా నాదే. మా ఈశ్వరికి దీంతో సమ్మందం నేదు. ఆ అమ్మాయిని ఎవులన్నా ఒక్క మాటంటే నన్నన్నట్టే."

వర్తకలోకం ఈ ప్రకటనను గంభీరంగా స్వీకరించింది. ఇద్దరు బేరం మానేశారు. నలుగురు అలిగి, అలక తీర్చే రేటు అడిగారు. అందరికన్నా చివర సాలూరు మురళీమోహన్ ఫోను చేశాడు. "సర్లే బావా, అయిందేదో అయిపోనాది. కొత్త రేటు సెప్పు. నాకొక్కడికే సెప్పు."

భాస్కర్ మళ్ళీ వచ్చి రెండ్రోజులు కూర్చున్నాడు. ఎవరి పేరు వాళ్ళకు, ఎవరి పాస్‌వర్డు వాళ్ళకు పెట్టాడు. మేస్త్రీకి నిల్వలు కనబడతాయి, రేట్లు కనబడవు. గిరిబాబుకు ఏ లారీలో ఏ సరుకో కనబడుతుంది, ఎంతకో కనబడదు. రేట్లు చూసేది యజమానీ, ఈశ్వరీ. ఆ జాబితా కంప్యూటర్ దాటి బయటికి వెళ్ళాలంటే మాత్రం యజమాని ఫోనుకు ఓటీపీ రావాలి, ఆయన చెప్పాలి.

"అంటే, ఎవుడి తువ్వాలు ఆడిది" అన్నారు కాశీవిశ్వనాథం గారు.

తువ్వాలు బేరం ఎన్నడూ చూడని భాస్కర్, ఖాతాదారుడి మాట కాదనకూడదు కాబట్టి, "అంతేనండి" అన్నాడు.

గిరిబాబు మాత్రం మొహం ముడుచుకున్నాడు. "ఏటి బావా, నేను బయటోణ్ణయిపోయానా? నా మీద నమ్మకం నేదా?"

"ఒరే గిరీ, ఇనప్పెట్టె తాళం నీకెప్పుడైనా ఇచ్చేనా?"

"నేదు."

"అప్పుడు అలిగేవా?"

"...నేదు."

"మరిప్పుడు కొత్తగా అలక ఎక్కడి నుంచొచ్చింది?"

గోడ మీద చాక్‌పీసు రాత చెరిపేశారు. హమాలీలకు అలవాటు తప్పక కొన్నాళ్ళు "పింకీ..." అని మొదలుపెట్టి నాలిక కరుచుకునేవారు. పింకీ మళ్ళీ కొట్టు ముందు స్కూటీ దిగడం మొదలుపెట్టింది. అందరికన్నా ఎక్కువ కష్టపడింది యజమానే. తన పాస్‌వర్డు తనే మరిచిపోయి, మూడుసార్లు తప్పు కొట్టి, తన కొట్టుకు తనే పరాయివాడై అరుగు మీద కూర్చున్న రోజులున్నాయి. "నేనేనమ్మా, కాస్త తీద్దూ" అంటే ఈశ్వరి, "నా పేరుతో మీరు ఎల్లకూడదు కదండీ. భాస్కర్ గారికి ఫోన్ సెయ్యండి" అనేది. ఆయన చేసేవారు.

చింతపండు ఊపు మీద ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, కొట్టు నిండా మనుషులు. గిరిబాబు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి చిరాకు పడుతున్నాడు. అవతల ఎవరో వర్తక స్నేహితుడు తన రేటు ఎంతో కాస్త చూసి చెప్పమంటున్నాడు.

"ఇదేటిది, 'మీకు అనుమతి లేదు' అంటాది?" అన్నాడు గిరిబాబు గట్టిగా. "ఇదివరకు ఈ బటన్ నొక్కితే మొత్తం లిస్టు వచ్చీసేది కదా! ఆ ఆదివారం నేను నొక్కినపుడు..."

అక్కడ ఆగాడు. తక్కెడ మీద బస్తా పెట్టబోయిన హమాలీ దాన్ని భుజం మీదే ఉంచుకున్నాడు. గుమస్తా కలం ఆపాడు. ఈశ్వరి మాత్రం తల ఎత్తకుండా బిల్లు కొడుతూనే ఉంది.

కాశీవిశ్వనాథం గారు గద్దె దిగి వచ్చారు. కోప్పడలేదు. భుజం మీది తువ్వాలు తీసి, గిరిబాబు కుడిచేతి మీద కప్పి, దాని కిందికి తన చెయ్యి పోనిచ్చారు. ఏ వేలు నొక్కారో, ఎంతకు నొక్కారో కొట్లో ఎవరికీ కనబడలేదు. గిరిబాబు మొహం మాత్రం పాలిపోయింది. పాతతరం వాడు కాబట్టి గుమస్తాకు అర్థమైంది. అక్కడొక ధర పలికింది, ఆ ధరకు బేరం కుదిరింది.

గిరిబాబు తువ్వాలు కింద నుంచి చెయ్యి తీసుకుని, మెల్లగా ఈశ్వరి బల్ల దగ్గరికి నడిచాడు.

"అమ్మాయ్..."

ఈశ్వరి తల ఎత్తలేదు. "ఎవరండీ?"

"నేనే."

"నేనే అంటే ఇక్కడ సరిపోదండి. పేరు సెప్పి మాటాడండి."

కొట్టంతా విన్నది. గిరిబాబు ఒకసారి బావ వైపు చూశాడు. బావ తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుంటున్నారు.

"గిరిబాబుని" అన్నాడు గిరిబాబు. "ఆ లిస్టు పంపింది నేను. ఒకడికి పంపుదామని నొక్కేను, గ్రూపులో పడిపోనాది. నీ మీదకి నెట్టీసినాను. తప్పు నాదే."

ఈశ్వరి అప్పుడు తల ఎత్తింది. "ఇప్పుడు తెలిసిందండి ఎవరో" అంది. ప్రింటర్లోంచి వచ్చిన బిల్లు చింపి, ఎదురుగా నిలబడ్డ బొబ్బిలి వర్తకుడి చేతికిచ్చింది. అతను సరుకూ రేటూ చదువుకుని, అలవాటు చొప్పున అడుగువరకూ వచ్చి, ఇదివరకు చూడని వరుస ఒకటి ఉంటే పైకి చదివాడు.

"తయారుచేసినది, ఈశ్వరి. ఈశ్వరంటే ఎవులు?"

"నేనేనండి" అంది ఈశ్వరి.